తామర మందుకి ఇంత ఖర్చా?

2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. పేపర్లో ఆ వార్త చదివి ఇక మందుల ఖర్చు భారీగా తగ్గిపోతుందని సంబరపడ్డవాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. కానీ నెల జీతాన్ని ముప్ఫై రోజులకి పంచి సర్దే మనకి లెక్కలు కొత్తా? వేసి చూద్దాం. పన్ను లేకుండా నూరు రూపాయలుండే మందు ఇదివరకు పన్నుతో కలిపి 112 అయ్యేది. ఇప్పుడు 105 అవుతుంది. అంటే మనం పెట్టే ప్రతి నూరు రూపాయల్లో మిగిలేది ఆరుంబావు రూపాయలు. వస్తే కాదనం. కాకపోతే మందుల షాపులో మన డబ్బు జారిపోయేది ఆ ఆరుంబావు దగ్గర కాదు. ఒకే మందు, ఒకే మోతాదు, రెండు కంపెనీల పేర్లు, రెండు ధరలు. ఒక ధరకీ ఇంకో ధరకీ మధ్య ఒక్కోసారి రెట్టింపు, అంతకు మించి కూడా తేడా ఉంటుంది. అసలు చిల్లు అక్కడుంది.

ఈ మాట చెప్పడానికి బి.పి. మందో షుగరు మందో తీసుకోవచ్చు. నేను కావాలనే తామర మందు తీసుకుంటున్నాను. ఎందుకంటే బి.పి. ఉందని అందరికీ చెప్పుకుంటాం, తామర ఉందని ఎవరికీ చెప్పుకోం. చీర కట్టు దగ్గర, లంగా బొందు కింద, తొడల మధ్య, రొమ్ముల కింద దురద పెడితే ఎవరితో చెప్పుకుంటాం? గోక్కుని ఊరుకుంటాం. పైగా ఇంట్లో మగాయనకి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆడమనిషికి వస్తే ఆయన వాడగా మిగిలిన ట్యూబుతో సరి. ఒకే తువ్వాలు నలుగురు తుడుచుకునే ఇళ్ళలో, అందరి బట్టలూ ఒకే బకెట్లో నానబెట్టే ఇళ్ళలో అది ఒకరితో ఆగదు. పిల్లలకీ వస్తుంది. అప్పుడు ఖర్చు ఒక మనిషిది కాదు, ఇంటిది.

ఇదివరకు తామర అంటే రెండు వారాలు ట్యూబు రాసుకుంటే పోయే జబ్బు. గత పది పదిహేనేళ్ళుగా మన దేశంలో అది మొండికేసింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఎక్కువమందిలో దీన్ని తెస్తున్న బూజుకి 2020లో శాస్త్రవేత్తలు వేరే పేరే పెట్టారు, ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని. పేరులోనే మన దేశం ఉంది చూశారా, గర్వపడాల్సిన సంగతి మాత్రం కాదు. టెర్బినఫిన్ అనే మందుకి ఇది చాలామందిలో లొంగడం లేదు. 2023 మే నెలలో అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళు న్యూయార్కులో ఇద్దరు ఆడవాళ్ళకి ఈ రకం తామర వచ్చిందని, తమ దేశంలో ఇవే మొదటి కేసులని ప్రకటించారు. అంటే మన పెరటి జబ్బు అంత దూరం ప్రయాణం చేసింది.

మందుకి లొంగకపోవడంతో ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాస్తున్నది ఇట్రాకొనజోల్ కాప్సూల్సు. అవి కూడా వారం పది రోజులు కాదు, నాలుగు వారాలు, ఆరు వారాలు, కొందరికి ఎనిమిది వారాలు పైగా. లెక్క కోసం ఒక కాప్సూలు ఇరవై రూపాయలు అనుకోండి. రోజుకి రెండు చొప్పున ఆరు వారాలకి 84 కాప్సూల్సు, 1,680 రూపాయలు. అదే మందు పది రూపాయలకి దొరికిందనుకోండి, 840. ఇంట్లో ముగ్గురికి ఉంటే తేడా రెండున్నర వేలు. దీనికి పైన ట్యూబులు, దురద తగ్గే బిళ్ళలు, బూజు చంపే సబ్బు, పౌడరు, డాక్టరు ఫీజు. చిన్న ఊళ్ళో ఒక మామూలు గుమాస్తా ఇంట్లో ఇది పిల్లవాడి ట్యూషన్ ఫీజుతో పోటీ పడే ఖర్చు. అందుకే ఏమవుతోందంటే, రెండు వారాలు వాడగానే మచ్చ మాయమవుతుంది, దురద పోతుంది, ఇంటావిడ మందు ఆపేస్తుంది. మిగిలిన డబ్బు గ్యాసు బండకి పెడుతుంది. నెల తిరక్కుండా తామర మళ్ళీ వస్తుంది. మళ్ళీ మొదటి నుంచి కోర్సు. డాక్టరు “మీరు సరిగ్గా వాడలేదు” అంటారు. నిజమే, వాడలేదు. ఎందుకు వాడలేదో అడిగేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ధర సంగతికి వద్దాం. జనరిక్ అనే మాట మనం తరచు వింటున్నాం. మందు కనిపెట్టిన కంపెనీకి కొన్నేళ్ళపాటు దాని మీద పేటెంటు ఉంటుంది. అది తీరిపోయాక ఎవరైనా తయారు చేయొచ్చు. అలా చేసిందే జనరిక్. ఇట్రాకొనజోల్, ఫ్లుకొనజోల్, టెర్బినఫిన్, క్లోట్రిమజోల్, ఇవన్నీ పేటెంటు ఏనాడో తీరిపోయినవే. కాబట్టి మనం షాపులో కొనే తామర మందు ఖరీదైనదైనా చవకదైనా దాదాపు అంతా జనరిక్కే. కాకపోతే మన దేశంలో ప్రతి కంపెనీ తన జనరిక్కుకి ఒక ముద్దుపేరు పెట్టి, ఆ పేరు డాక్టరు నోట పలికించడానికి మనుషుల్ని పెట్టుకుని తిప్పుతుంది. బ్యాగు పట్టుకుని, టై కట్టుకుని, క్లినిక్ బయట మనతోపాటు కూర్చునే ఆ అబ్బాయిలే. వాళ్ళ జీతం, వాళ్ళు పంచే పెన్నులు, క్యాలెండర్ల ఖర్చు ఎవరు కడుతున్నారో వేరే చెప్పాలా?

మరి ప్రభుత్వం ఊరుకుందా అంటే పూర్తిగా ఊరుకోలేదు. 2013లో వచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఈ జాబితాని కొత్తగా రాసినప్పుడు 384 మందులు చేర్చారు. అందులో కొత్తగా వచ్చిన 34 మందుల్లో ఇట్రాకొనజోల్, టెర్బినఫిన్ కూడా ఉన్నాయి. క్లోట్రిమజోల్, ఫ్లుకొనజోల్ అంతకు ముందు నుంచే ఉన్నాయి. తామర మన దేశంలో ఎంత పెద్ద సమస్య అయిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే ఆ గరిష్ఠ ధరని కట్టే పద్ధతి చూడండి. మార్కెట్లో ఒక శాతం, అంతకన్నా ఎక్కువ అమ్మకం ఉన్న కంపెనీల ధరలన్నీ కూడి, సగటు తీసి, దాని మీద షాపువాడికి 16 శాతం కలుపుతారు. అంటే మందు తయారు చేయడానికి ఎంతయిందన్న ప్రశ్నే లేదు. ఇప్పటికే అమ్ముతున్న ధరలు ఎక్కువుంటే సగటూ ఎక్కువే వస్తుంది. కూరగాయల బజారులో ఖరీదైన దుకాణాల ధరలే సగటు తీసి, అదే న్యాయమైన ధర అన్నట్టుంటుంది. పైపెచ్చు ఇంకో సందు. ఈ గరిష్ఠ ధర జాబితాలో చెప్పిన రూపానికీ, చెప్పిన మోతాదుకీ మాత్రమే. మోతాదు కాస్త మార్చి, ‘ఒంటికి బాగా పడుతుంది’ అనే కొత్త రకం అని పేరు పెడితే అది జాబితా బయటి మందు. ఇట్రాకొనజోల్‌లో 65, 130 మిల్లీగ్రాముల కాప్సూల్సు మీకెప్పుడైనా రాశారా? అలాంటివన్నమాట. జాబితా బయటి మందుకి మొదటి ధర కంపెనీ ఇష్టం. ఆ తరవాత ఏడాదికి పది శాతం మించి పెంచకూడదన్నదే అడ్డు. అలాంటి కొత్త రకాలు పనికిరావని నేననడం లేదు, కొందరికి అవే అవసరం కావచ్చు. కానీ అందరికీ అవే ఎందుకు రాయాలి అన్నది అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు బాగా రాస్తున్న లులికొనజోల్ ట్యూబు కూడా 2022 జాబితాలో లేదు. దాని పక్కన పాత క్లోట్రిమజోల్ ట్యూబు ఎంత చవకో రెండూ చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

“సరే, షాపుకి వెళ్ళి ఇదే మందు చవకలో ఇవ్వమంటే పోలా?” అంటారేమో. ఇక్కడే చాలామందికి తెలియని చిక్కు ఉంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు షెడ్యూల్ హెచ్ అనే పట్టికలో ఉంటాయి. ఇట్రాకొనజోల్, ఫ్లుకొనజోల్ వంటివి అందులోవే. చీటీలో రాసిన అలాంటి మందుకి బదులుగా, లోపల అదే మందు ఉన్నా సరే, మరో కంపెనీది ఇవ్వకూడదని ఔషధ నియమాలు చెప్తున్నాయి. షాపువాడు మార్చి ఇస్తే అది మన మీద దయ కావచ్చు, అతనికి ఎక్కువ లాభం వచ్చే కంపెనీదీ కావచ్చు, రెండు విధాలా నియమానికి విరుద్ధమే. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాసి ఉంటేనే ఏ కంపెనీది తీసుకోవాలన్న స్వేచ్ఛ మనకి వస్తుంది. అంటే పేరు ఎంచేది డాక్టరు, ధర వేసేది కంపెనీ, డబ్బు కట్టేది మనం. కట్టేవాళ్ళకి తప్ప మిగిలిన ఇద్దరికీ ఎంపిక ఉంది.

దీన్ని మార్చాలని ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. డాక్టర్లు మందుల అసలు పేర్లు, అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి నిబంధన సవరించింది. పాటించినవాళ్ళెందరో మన ఇళ్ళలో పాత చీటీలు తిరగేస్తే తెలుస్తుంది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టిగా, జనరిక్ పేర్లే రాయాలి, రాయకపోతే చర్య తప్పదు అని కొత్త నియమావళి తెచ్చింది. డాక్టర్ల సంఘం గొడవ పెట్టింది. ఆగస్టు 23న, అంటే మూడు వారాలకే, దాన్ని పక్కన పెట్టేశారు.

డాక్టర్ల వాదన కొట్టిపారేసేది కాదు. ముందు అన్ని కంపెనీల మందులూ నాణ్యంగా ఉండేలా చూడండి, తరవాత మమ్మల్ని కట్టడి చేయండి అన్నారు. అసలు పేరు రాస్తే ఎంపిక మా చేతిలోంచి షాపువాడి చేతికి పోతుంది, వాడు రోగి మేలు చూస్తాడా లాభం చూస్తాడా అన్నారు. ఇట్రాకొనజోల్ విషయంలో ఈ భయానికి ఆధారం కూడా ఉంది. అది నీళ్ళలో సులువుగా కరిగే మందు కాదు. కాప్సూలు లోపల సన్నటి పూసల్లా ఉంటుంది. ఆ పూసలు సరిగా తయారు కాకపోతే మింగిన మందు ఒంటికి పట్టదు. అందుకే ఇలా కరగని రకం మందులకి, మొదటి కంపెనీ మందుతో సమానంగా ఒంటికి పడుతోందని పరీక్ష చేసి చూపించాలని 2017 ఏప్రిల్‌లో నియమం తెచ్చారు. అది అప్పట్నుంచి కొత్తగా లైసెన్సు అడిగేవాళ్ళకి. అంతకు ముందు నుంచీ బజారులో ఉన్నవాటి సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. కాబట్టి డాక్టర్లు అడిగింది తప్పు కాదు. కానీ ఖరీదు ఎక్కువైతే నాణ్యం ఎక్కువని కూడా ఎవరూ హామీ ఇవ్వడం లేదు కదా. నాణ్యం లేదని తేలిన మందుల జాబితాని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా విడుదల చేస్తుంది. అందులో అప్పుడప్పుడు పెద్ద పేర్లూ కనిపిస్తూనే ఉంటాయి.

ఇక జనఔషధి. 2008లో మొదలైన ఈ ప్రభుత్వ దుకాణాలు 2025 నాటికి దేశంలో 15 వేలు దాటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్రాల్లోనే కాదు, ఓ మాదిరి పట్నాల్లోనూ ఉన్నాయి. కంపెనీ పేరున్న మందులతో పోలిస్తే 50 నుంచి 90 శాతం తక్కువని ప్రభుత్వం చెప్తోంది. ఇక్కడికి వచ్చే మందు ప్రతి బ్యాచీనీ గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించాకే పంపుతారు. రూపాయికి ఒకటి చొప్పున శానిటరీ నాప్కిన్లు అమ్మేదీ ఇక్కడే. ఇబ్బందల్లా సరుకు. ఇవాళ ఉన్న మందు వచ్చే నెల ఉండకపోవచ్చు. ఆరు వారాల కోర్సుకి సగంలో మందు దొరక్కపోతే మళ్ళీ మామూలు షాపుకే పరిగెత్తాలి. ఇంట్లో పిల్లల చేత ఫోనులో ‘జనఔషధి సుగమ్’ అనే యాప్ పెట్టించుకుంటే దగ్గర్లో ఎక్కడుందో, ఏ మందు ఎంతో చూపిస్తుంది. వెళ్ళే ముందు దుకాణానికి ఫోను చేసి “పూర్తి కోర్సుకి సరిపడా ఉందా?” అని అడగడం మంచిది. ఆటో ఖర్చు మిగులుతుంది.

మామూలు షాపుల్లో ఇంకో వింత ఉంది. “జనరిక్ ఇవ్వండి” అంటే తీసి ఇస్తారు. అట్ట మీద చూస్తే ధర కంపెనీ మందు పక్కపక్కనే ఉంటుంది. “మీకు కాబట్టి సగం తగ్గిస్తున్నానమ్మా” అంటాడు. మనం సంతోషిస్తాం. డాక్టర్ల చుట్టూ తిరిగే ఖర్చు లేకుండా నేరుగా షాపులకే వెళ్ళే రకం సరుకు ఇది. షాపువాడికి పడే ధరకీ అట్ట మీద వేసిన ధరకీ పొంతన ఉండదు. తగ్గింపు ఎంతన్నది చూడకండి, చివరికి కాప్సూలుకి ఎంత పడిందన్నది చూడండి. చీరల షాపులో యాభై శాతం తగ్గింపు బోర్డు చూసి మనం మోసపోం కదా, ఇక్కడా అంతే. జాబితాలోని మందులకి గరిష్ఠ ధర ఎంతో తెలుసుకోవడానికి ‘ఫార్మా సహీ దామ్’ అనే ప్రభుత్వ యాప్ ఉంది. అంతకు మించి తీసుకుంటే ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే బిల్లుండాలి. బిల్లు అడిగితే షాపువాడు ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.

ఇంతవరకు ఖరీదైన మందు సంగతి. ఇప్పుడు చవక మందు సంగతి చెప్పాలి, దాని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. డాక్టరు ఫీజుకి భయపడో, సిగ్గుపడో, “దురదకి ఏదైనా ట్యూబు పట్రండి” అని భర్తనో కొడుకునో షాపుకి పంపుతాం. షాపువాడు ఓ ట్యూబు ఇస్తాడు. ధర తక్కువే. రాసిన రెండో రోజుకే దురద మాయం. ఎంత మంచి మందో అనుకుని పక్కింటావిడకి కూడా చెప్తాం. ఆ ట్యూబులో చాలాసార్లు ఉండేది బూజు మందుతో కలిపిన గట్టి స్టిరాయిడ్. స్టిరాయిడ్ దురదని అణుస్తుంది, ఒంటి ఎదుర్కొనే శక్తిని అక్కడ తగ్గిస్తుంది, ఆ చాటున తామర హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు పోయి ఆకారమే మారిపోతుంది. తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళినా గుర్తుపట్టడం కష్టం. చర్మం పలచబడి, గజ్జల్లో, తొడల మీద ప్రసవం తరవాత వచ్చేలాంటి చారలు పడతాయి, అవి పోవు. ముఖానికి రాసుకునేవాళ్ళ కష్టం మరీ ఎక్కువ. మన దేశంలో తామర ఇంత మొండికెయ్యడానికి ఈ ట్యూబుల దుర్వినియోగం ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు.

ప్రభుత్వం 2018లో 14 రకాల స్టిరాయిడ్ పూతమందుల్ని చీటీ లేనిదే అమ్మకూడదన్న పట్టికలోకి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అర్థంపర్థం లేకుండా కలిపేసిన 328 మిశ్రమ మందుల్ని నిషేధించింది. వాటిలో స్టిరాయిడు, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ నాలుగూ కలగలిపిన చర్మం ట్యూబులు కూడా ఉన్నాయి. నిషేధంలో ఉన్న మిశ్రమం పోతే లేని మిశ్రమం వస్తుంది. పట్టిక పట్టికలోనే ఉంది, ట్యూబు షాపులో దొరుకుతూనే ఉంది. కాబట్టి మన జాగ్రత్త మనం పడాలి. ట్యూబు మీద సన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఇలా ‘సోన్’తో ముగిసే పేరు గాని, క్లోబెటసాల్ గాని ఉంటే అది స్టిరాయిడ్. తామరకి సొంతంగా కొనేది కాదు. మందు అసలు పేరు కంపెనీ పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లోనే నియమం పెట్టారు. మూడు, అంతకు మించి మందులు కలిపిన మిశ్రమాలకి మాత్రం ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. దేని మీద పెద్దక్షరాలు కావాలో దాని మీదే లేవు.

ఆడవాళ్ళకి మాత్రమే సంబంధించిన మాట ఒకటుంది. తెల్లబట్ట. పెరుగు విరిగినట్టు తెల్లగా అయి విపరీతమైన దురద ఉంటే అది బూజు వల్ల కావచ్చు. చాలామందికి డాక్టర్లు ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి వేస్తే సరిపోతుంది. అసలు ఖర్చంటూ లేని మందు అది. కానీ తెల్లబట్ట అన్నిసార్లూ బూజే కాదు. వాసన, రంగు మారితే కారణం వేరు, మందు వేరు. షాపుల్లో మూడు రకాల మందులు కలిపి కిట్టుగా అమ్ముతారు, ఏదో ఒకటి తగులుతుందని. అవసరం లేని యాంటీబయాటిక్ మింగి, డబ్బు పోగొట్టుకుని, మళ్ళీ అదే బాధ. గర్భంతో ఉన్నప్పుడు ఈ బిళ్ళ సొంతంగా వేసుకోనే కూడదు, ఆ సమయంలో వాడాల్సినవి వేరే ఉంటాయి. పదేపదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి, మందులు మార్చుకుంటూ పోవడం కాదు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో తెల్లబట్టకి పరీక్షా, సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ ఉన్న ఆకుపచ్చ కిట్టూ ఉచితం. ఆ క్లినిక్ బోర్డు చూసి, ఎవరైనా ఏమనుకుంటారో అని వెనక్కి తిరిగి వచ్చేవాళ్ళు నాకు తెలుసు. తప్పు వాళ్ళది కాదనుకోండి, ఆ గది చుట్టూ మన ఊళ్ళు అల్లిన మాటలది.

డాక్టరు దగ్గర డబ్బు మాట ఎత్తడానికి మనకి మొహమాటం. బెండకాయలు కిలోకి ఐదు రూపాయలు తగ్గించమని బేరమాడే నోరు అక్కడ పెగలదు. ఆయన ఏమనుకుంటారో, చులకనగా చూస్తారేమో అని. అదీగాక బయట ముప్ఫైమంది కూర్చుని ఉంటారు, మనకి దొరికేది మూడు నిమిషాలు. అయినా అడగాలి. అడిగేది బేరం కాదు. “డాక్టరుగారూ, ఆరు వారాలు వాడాలన్నారు, ఇంత ఖర్చు నేను పెట్టలేను, మధ్యలో ఆగిపోతాను. ఇదే మందు చవకలో ఉండేది రాస్తారా, లేకపోతే మందు పేరు రాసివ్వండి, జనఔషధిలో తెచ్చుకుంటాను” అని ఉన్నదున్నట్టు చెప్తే విసుక్కునేవాళ్ళు తక్కువ. సగంలో ఆపేసే రోగి డాక్టరుకీ అక్కర్లేదు. చీటీలో నాలుగో వరసలో సబ్బు, ఐదో వరసలో పౌడరు ఉంటే “ఇవి తప్పనిసరా?” అని అడగండి. నా మట్టుకు, జేబు చిన్నదైతే సబ్బు మానేసి కాప్సూలు పూర్తి చేయడమే మేలనిపిస్తుంది.

ఇంకో రెండు సంగతులు ఇంట్లోనే డబ్బు నిలిపేవి ఉన్నాయి. మామూలు ఇట్రాకొనజోల్ కాప్సూలు అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, కడుపులో పులుపుంటేనే అది కరుగుతుంది. మన దగ్గర ఏ చీటీ రాసినా దాంట్లో గ్యాసు బిళ్ళ ఒకటి జత చేయడం ఆనవాయితీ. ఆ బిళ్ళ పులుపుని చంపేస్తుంది, కాప్సూలు సరిగా ఒంటికి పట్టదు. ఎంత ఖరీదైనదైనా కడుపులోంచి అలాగే పోతుంది. గ్యాసు బిళ్ళ ముందు నుంచీ వాడుతున్నవాళ్ళు ఆ మాట డాక్టరుకి చెప్పండి. కొలెస్టరాలు బిళ్ళలు, షుగరు బిళ్ళలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గుండె జబ్బు, లివరు జబ్బు ఉన్నవాళ్ళు మరీ మర్చిపోకుండా చెప్పాలి. ఈ బూజు మందులకి వాటితో పడదు. రెండోది, అందరికీ ఒకేసారి వైద్యం. అత్తగారికీ, పిల్లవాడికీ ఉందని తెలిసి కోడలు ఒక్కతే మందు వాడితే ఎన్ని వారాలు వాడినా తడిసిన తువ్వాలు దగ్గర మళ్ళీ మొదలవుతుంది. తువ్వాళ్ళు వేరు పెట్టడానికి, లోపలి బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యడానికి డబ్బు ఖర్చవదు. ఆడవాళ్ళ లోపలి బట్టలు మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్ళలో చీర చాటునో, తలుపు వెనకో ఆరతాయి. ఎండ తగలదు, తడి పోదు. ఇదీ ఖర్చు కిందే రాసుకోవాలి.

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడొకరున్నారు. రోజంతా మిషను మీద కూర్చుని చెమటకి తామర పట్టుకుంది. ఏడాదిన్నరగా ట్యూబులు మార్చారు. చివరికి గుడివాడ నుంచి బస్సెక్కి బెజవాడ సూర్యారావుపేటలో చర్మం డాక్టరుగారికి చూపించుకున్నారు. వాడిన ట్యూబులన్నీ ప్లాస్టిక్ కవర్లో వేసి పట్టుకెళ్ళారట. డాక్టరమ్మ ఒక్కోటీ చదివి నాలుగింట్లో మూడు స్టిరాయిడ్లని పక్కన పెట్టారట. చీటీ రాసిచ్చాక ఈవిడ డబ్బు మాట చెప్తే, ఆవిడ కంపెనీ పేరు కొట్టేసి పక్కన పెద్దక్షరాల్లో మందు పేరు రాసి సంతకం పెట్టారట. ఎనిమిది వారాలకి మందు జనఔషధిలో కొన్నారు. ఐదో వారంలో సరుకు అయిపోయిందంటే, చీటీలో ఉన్నది మందు పేరే కాబట్టి, పక్క షాపులో రెండు కంపెనీలవి ధర అడిగి తక్కువది తెచ్చుకున్నారు. ఆ చీటీ ఇప్పటికీ మిషను సొరుగులో దారపు ఉండల కింద దాచుకున్నారు, మొన్న బ్లౌజు కోసం వెళ్తే తీసి చూపించారు.